పాత ఇంగ్లీషు నవల కొంటున్నారా? డబ్బులిచ్చే ముందు ఏం చూడాలి, ఇంటికి తెచ్చాక ఏం చేయాలి

"ఫుట్‌పాత్ మీద డికెన్స్ నవల కొన్నానండీ, సగం చదివాక చూస్తే మధ్యలో పేజీలు లేవు." "ఆన్‌లైన్‌లో తెప్పించాను, కవరు విప్పగానే ముక్క వాసన, ఏం చేయమంటారు?" "వెన్ను ఊడిపోతే సెల్లోటేప్ వేసేశాను, పర్లేదా?" అటూ ఇటూగా ఈ మూడు ప్రశ్నలే నన్ను పదేపదే అడుగుతున్నారు. విడివిడిగా జవాబులు చెప్పడం కంటే కొనడం దగ్గర్నుంచి దాచుకోవడం దాకా వరుసగా ఒకేచోట రాసేస్తే మేలనిపించింది.

ఇదంతా చదువుకోవడానికి కొనే కాపీ గురించి. లక్షలు పలికే తొలి ముద్రణల సంగతి వేరు, అవి మీ చేతికి వస్తే అసలు ముట్టుకోకుండా తెలిసినవాళ్లకు చూపించండి. ఉదాహరణగా అంతటా ఇంగ్లీషు రచయిత చార్లెస్ డికెన్స్ రాసిన గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ నవలనే తీసుకుంటాను. పాత పుస్తకాల దగ్గర తరచుగా దొరుకుతుంది, మోసపోవడానికి ఎన్ని దారులుంటాయో అన్నీ దీంట్లో ఉన్నాయి.

1. బయల్దేరే ముందు తేల్చుకోవాల్సినవి

ఆదివారం పొద్దున హైదరాబాద్‌లో ఆబిడ్స్ ఫుట్‌పాత్‌కో, కోఠీ పాత పుస్తకాల షాపులకో, విజయవాడలో అలంకార్ థియేటర్ వైపో వెళ్లి అక్కడ గుట్టల్ని చూశాక ఆలోచిద్దాం అనుకుంటే మనసు పదిరకాలుగా పోతుంది. ఏ నవల కావాలో ఒకటో రెండో ఇంట్లోనే అనుకుని వెళ్లండి.

రెండోది ఇంకా ముఖ్యం: మీకు పూర్తి నవల కావాలా, కుదించింది కావాలా? విద్యార్థుల కోసం కుదించి, తేలిక ఇంగ్లీషులో తిరగరాసిన పుస్తకాలు గుట్టల నిండా ఉంటాయి. పిల్లలకైతే అవి మంచివే. కానీ పూర్తి నవల అనుకుని కొని, వంద పేజీల్లో అయిపోతే బాధేస్తుంది.

సంచిలో ఇవి వేసుకోండి:
- ఒక తెల్ల కాగితం, ఎందుకో కింద చెప్తాను
- ఫోను, టార్చ్ పనిచేసేది
- రెండు మూడు జిప్ కవర్లు, కొన్న పుస్తకాన్ని వాటిలోనే పెట్టాలి
- చిల్లర నోట్లు
- అధ్యాయాల లెక్క రాసుకున్న చీటీ

2. చీటీలో రాసుకోవాల్సిన అంకెలు

పుస్తకం పూర్తిదో కాదో పట్టుకోవడానికి అన్నిటికంటే సులువైన దారి అధ్యాయాల లెక్క. ఎక్కువగా దొరికే నవలల లెక్క ఇదీ:

- గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్: 59
- ఎ టేల్ ఆఫ్ టూ సిటీస్: 45, మూడు భాగాల్లో 6, 24, 15
- ఆలివర్ ట్విస్ట్: 53
- డేవిడ్ కాపర్‌ఫీల్డ్: 64
- ప్రైడ్ అండ్ ప్రెజుడిస్: 61
- ఎమ్మా: 55
- జేన్ ఐర్: 38
- వుదరింగ్ హైట్స్: 34
- టెస్ ఆఫ్ ది డర్బర్‌విల్స్: 59

ఇక్కడ ఒక తికమక ఉంది, తొందరపడి మంచి కాపీని వదిలేయకండి. ఈ నవలల్లో చాలావరకు మొదట రెండు మూడు సంపుటాలుగా వచ్చాయి, అందుకని కొన్ని ముద్రణలు ఏ సంపుటానికి ఆ సంపుటం ఒకటి నుంచి నంబరు వేసుకుంటూ పోతాయి. ప్రైడ్ అండ్ ప్రెజుడిస్ చివరి పేజీల్లో 19వ అధ్యాయం అని కనిపిస్తే కంగారు వద్దు, మూడు సంపుటాల్లో 23, 19, 19 కలిపితే 61 వస్తుంది. గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ అయితే 19, 20, 20.

అట్ట మీదా, లోపలి టైటిల్ పేజీలోనూ మాటలు కూడా చూడండి. అబ్రిడ్జ్‌డ్, రీటోల్డ్, అడాప్టెడ్, సింప్లిఫైడ్, వీటిలో ఏది కనిపించినా అది కుదించిందో తిరగరాసిందో అని అర్థం. అన్అబ్రిడ్జ్‌డ్ అంటే పూర్తిది. ఆ చిన్న "అన్" చూసుకోకుండా వదిలేసినవాళ్లు నాకు తెలుసు.

3. కొనేచోట పది నిమిషాల తనిఖీ

ఈ వరుసలోనే చేయండి. ముందు చేసేవి అర నిమిషంలో తేలిపోతాయి, అక్కడే పోయిన పుస్తకానికి మిగతావి చూడక్కర్లేదు.

మొదట వాసన. పుస్తకం సగంలో తెరిచి ముక్కు దగ్గర పెట్టుకోండి. పాత కాగితం పొడిగా, కొద్దిగా తియ్యగా వాసనేస్తుంది, అది మంచి సంకేతమే. తడిసిన గోనెసంచి వాసన, గొంతులో గరగర వచ్చే వాసన అయితే లోపల బూజు ఉన్నట్టే. అది మీ ఇంట్లో మిగతా పుస్తకాలకు కూడా పాకుతుంది. అక్కడే పెట్టేయండి, ఎంత చవకైనా సరే.

తర్వాత పురుగు. ఇందుకే తెల్ల కాగితం తెమ్మన్నాను. కాగితం మీద పుస్తకాన్ని నిలబెట్టి వెన్ను మీద రెండు మూడుసార్లు తట్టండి. సన్నటి పిండిలాంటి పొడి రాలితే లోపల పురుగు బతికుందని అనుమానించాలి. మనవాళ్లు రామబాణం అనే పురుగు గుండుసూది అంత రంధ్రం చేసుకుంటూ అట్ట నుంచి అట్టకు పోతుంది. రంధ్రాలున్నా పొడి రాలకపోతే అవి చాలావరకు పాతవే, అక్షరాలు పోకపోతే కొనొచ్చు. మట్టి గీతలు కనిపిస్తే చెదలు, దాన్ని సంచిలో కూడా వేయొద్దు.

మూడోది పేజీలు, ఇక్కడ మాత్రం తొందరపడొద్దు. పుస్తకాన్ని ఒక్కో పేజీగా కుట్టరు. పెద్ద కాగితం మీద అచ్చేసి మడిచి, 16 లేదా 32 పేజీల కట్టలు చేసి, వాటిని ఒకదాని వెనక ఒకటి పేరుస్తారు. ఆ కట్టని ప్రెస్సువాళ్లు ఫారం అంటారు. కాబట్టి తప్పు జరిగితే ఒక పేజీ కాదు, ఏకంగా ఒక ఫారం పోతుంది, లేదా ఒక ఫారం రెండుసార్లు వస్తుంది. పుస్తకం లావు మాత్రం సరిగ్గానే ఉంటుంది, అందుకే బయటినుంచి తెలీదు.

నాకు జరిగిందే చెప్తాను. గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ ఒక కాపీ 120 రూపాయలకు కొన్నాను, అట్ట కొత్తదానిలా మెరుస్తోంది, చివరి పేజీ ఉంది, ఇంకేం కావాలి అనుకున్నాను. రెండు వారాల తర్వాత, రాత్రి పదకొండింటికి, 320వ పేజీ తిప్పితే 337 వచ్చింది. 321 నుంచి 336 దాకా లేవు, 337 నుంచి 352 దాకా రెండుసార్లు ఉన్నాయి. 39వ అధ్యాయం అందులోనే పోయింది. ఆ నవల చదివినవాళ్లకు ఆ అధ్యాయం అంటే ఏమిటో తెలుసు: గాలివాన రాత్రి, లండన్‌లో కథానాయకుడు పిప్ గది, చీకట్లో మెట్లెక్కి వస్తున్న అడుగులు. ఎవరొచ్చారో చదవనివాళ్లకు చెప్పను. నవల మొత్తం తిరిగేది ఆ రాత్రి దగ్గరే, సరిగ్గా అదే నా పుస్తకంలో లేదు.

అప్పట్నుంచీ నేను చేసేది ఇదీ. పుస్తకాన్ని ఎడమచేత్తో పట్టుకుని, కుడి బొటనవేలితో కింది మూల నుంచి నెమ్మదిగా వదులుతూ పేజీ నంబర్లు మాత్రమే చూస్తాను. నంబరు పైన ఉంటే పై మూల నుంచి. అయిదొందల పేజీలకు నాలుగైదు నిమిషాలు పడుతుంది. షాపాయన విసుక్కుంటే "అయ్యా, ఫారం మిస్సయిందేమో చూస్తున్నా" అని చెప్పండి, ఫారం అన్న మాట వినగానే ఊరుకుంటారు, వాళ్లకీ ఆ సంగతి తెలుసు.

నాలుగోది కాగితం గట్టిదనం. మూలని మడవొద్దు, వేలితో కొద్దిగా వంచి వదలండి. మళ్లీ లేస్తే మంచిది. చిటుక్కుమని విరిగితే ఆ పుస్తకం ఒక్కసారి చదవడానికి కూడా నిలవదు. గత శతాబ్దంలో చవక ముద్రణలకు కలపగుజ్జు కాగితం వాడారు, అందులోని ఆమ్లం వల్ల కాగితం పసుపెక్కి పెళుసవుతుంది. పసుపు రంగు సమస్య కాదు, పెళుసుదనమే సమస్య. గోధుమరంగు చుక్కలు కూడా చదవడానికి అడ్డు రావు.

అయిదోది వెన్ను. మూసిన పుస్తకాన్ని పైనుంచి చూడండి. కట్టలు కట్టలుగా, చిన్న చిన్న వంపులుగా కనిపిస్తే ఫారాలు మడిచి కుట్టిన బైండింగ్, ఒక కట్ట నడిమధ్యలో తెరిస్తే దారం కూడా కనిపిస్తుంది. ఇది దొరికితే అట్ట చిరిగినా తీసుకోండి. చదునుగా ఒకే ముద్దలా ఉంటే జిగురు బైండింగ్, దీంట్లో పాతబడ్డ జిగురు ఎండిపోయి పేజీలు ఊడతాయి. మూడుచోట్ల తెరిచి చూడండి, కానీ రెండు అట్టలూ వెనక్కి ఆనేలా విరవకండి, మీరు కొనకపోతే తర్వాతివాళ్లకు పనికిరాదు.

చివరగా రాతలు. పెన్సిల్ రాతలు నాకైతే ఇష్టం. డిగ్రీ విద్యార్థులు చదివిన కాపీల్లో కష్టమైన మాటల పక్కన తెలుగు అర్థాలు ఉంటాయి. నా దగ్గరున్న ఒక కాపీలో ఫోర్జ్ పక్కన "కొలిమి" అని, మార్షెస్ పక్కన "బురద నేల" అని ముత్యాల్లాంటి అక్షరాలు, ఎనిమిదో అధ్యాయం దాకా వచ్చి ఆగిపోయాయి. వాటిని నేను చెరపలేదు. హైలైటర్ గీతలు మాత్రం పోవు, పేజీ పేజీకీ ఉంటే వదిలేయండి.

4. ఎప్పటి ముద్రణో తెలుసుకోవడం

టైటిల్ పేజీ వెనక చూడాలి. సంవత్సరం రాసి ఉంటే సరే, లేకపోతే ఈ గుర్తులు పనికొస్తాయి.

- ఐఎస్‌బీఎన్, అంటే పుస్తకానికి ఇచ్చే అంతర్జాతీయ గుర్తింపు నంబరు, లేకపోతే దాదాపు 1970కి ముందుది కావచ్చు. పది అంకెలుంటే చాలావరకు 2007కి ముందుది. పదమూడు అంకెలు 2007 జనవరి నుంచి ప్రమాణమయ్యాయి.
- ధర షిల్లింగులు, పెన్నీల్లో ఉంటే, అంటే 3/6 లాగా గీతతో ఉంటే, 1971 ఫిబ్రవరికి ముందుది. బ్రిటన్ దశాంశ నాణేలకు మారింది అప్పుడే.
- 10 9 8 7 6 5 4 3 అని అంకెల వరుస ఉంటే అందులో అన్నిటికంటే చిన్న అంకె ఎన్నో ముద్రణో చెబుతుంది. ఇక్కడ మూడోది.

ఒక హెచ్చరిక. ప్రచురణకర్త పేరు లేకుండా, సంపాదకుడి పేరు లేకుండా, స్కాన్ చేసి అలాగే అచ్చేసిన పుస్తకాలు ఇప్పుడు ఎక్కువయ్యాయి. అట్ట తళతళలాడుతుంది. ఏదైనా ఒక పేజీ మొత్తం చదవండి, అక్షరాలు కలిసిపోయో, వాక్యం మధ్యలో విరిగో రెండు మూడు తప్పులు కనిపిస్తే వదిలేయండి.

గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్‌కు ఇంకో పరీక్ష ఉంది. డికెన్స్ దీనికి మొదట వేరే ముగింపు రాసి, రచయిత మిత్రుడు బుల్వర్ లిట్టన్ సలహా మీద మార్చాడు. పాత ముగింపు డికెన్స్ చనిపోయాక, స్నేహితుడు జాన్ ఫోర్‌స్టర్ రాసిన ఆయన జీవితచరిత్రలో బయటికొచ్చింది. మంచి ముద్రణల్లో ఆ మొదటి ముగింపుని అనుబంధంగా ఇస్తారు. ఒకే ధరకు రెండు కాపీలు కనిపిస్తే అనుబంధం, వెనకాల నోట్సు ఉన్నదే తీసుకోండి.

5. ఆన్‌లైన్‌లో అయితే

అమ్మేవాళ్లు పెట్టిన ఫొటో ఆ కాపీదే అని నమ్మొద్దు. ఈ ఆరు ఫొటోలు అడగండి, ఇవ్వకపోతే ఆర్డర్ పెట్టకండి:

- టైటిల్ పేజీ
- దాని వెనక పేజీ
- ఆఖరి కథాపేజీ, నంబరు కనిపించేలా
- వెన్ను
- మూసిన పుస్తకం పై అంచు
- మధ్యలో ఏదైనా రెండు పేజీలు తెరిచి

వాసన ఫొటోలో రాదు కాబట్టి, వచ్చిన పార్సిల్‌ని పుస్తకాల గదిలో విప్పకండి. బాల్కనీలో విప్పండి.

6. ఇంటికి తెచ్చాక మొదటి రెండు వారాలు

ఎక్కువమంది చేసే తప్పు ఇక్కడే జరుగుతుంది. తెచ్చిన వెంటనే తుడిచేసి అరలో పెట్టేస్తారు. కొత్తగా వచ్చిన పాత పుస్తకం, ఎంత శుభ్రంగా కనిపించినా సరే, మిగతావాటికి దూరంగా జిప్ కవర్‌లో ఉండాలి. అయితే పుస్తకం చల్లగా, తేమగా తగిలితే ముందు రెండు మూడు రోజులు ఫ్యాన్ గాలికి నీడలో నిలబెట్టి ఆరనివ్వండి. తేమతో కవర్‌లో పెడితే బూజు మీరే పెంచినట్టు.

పురుగు అనుమానం ఉంటే ఫ్రీజర్ పద్ధతి. మందులు అక్కర్లేదు.

1) ఆరిన పుస్తకాన్ని జిప్ కవర్‌లో పెట్టి గాలి తీసి మూయండి, దాన్ని ఇంకో కవర్‌లో పెట్టండి.
2) మైనస్ 18 డిగ్రీలకు వెళ్లే ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచండి. కరెంటు చాలాసేపు పోతే లెక్క మళ్లీ మొదటి నుంచి.
3) బయటికి తీశాక కవరు విప్పకుండా ఒక రోజంతా అలాగే ఉంచండి. వెంటనే విప్పితే చల్లటి కాగితం మీద నీటిచెమట పడుతుంది, చేసిందంతా వృథా.

కొద్దిపాటి ముక్క వాసనకు: మూతున్న పెద్ద ప్లాస్టిక్ డబ్బా తీసుకుని, ఒక గిన్నెలో వంటసోడా పోసి అడుగున పెట్టండి. పుస్తకాన్ని పేజీలు కాస్త విచ్చుకునేలా నిలబెట్టండి, సోడా కాగితానికి తగలకూడదు. వారం తర్వాత వాసన చూడండి, ఉంటే సోడా మార్చి ఇంకో వారం.

కలరా ఉండలు పుస్తకాల్లో పెట్టకండి. ఆ వాసన ఏళ్ల తరబడి పోదు, పైగా ఆ ఆవిరి ఒంటికి మంచిది కాదు, పసిపిల్లలున్న ఇంట్లో అసలు వద్దు. అత్తరు, అగరబత్తి పొగ కూడా వాసనని కప్పుతాయంతే. ఎండలో గంటల తరబడి ఆరబెట్టడం అయితే కాగితాన్ని ఇంకా పెళుసు చేస్తుంది, అట్ట రంగు పోతుంది, జిగురు బీటలు వారుతుంది.

7. శుభ్రం చేయడం

కావాల్సినవి: రెండంగుళాల మెత్తటి పెయింట్ బ్రష్, కొత్తది; తెల్ల రబ్బరు; పొడి కాటన్ గుడ్డ; మాస్కు.

పుస్తకాన్ని గట్టిగా మూసి పట్టుకుని, ముందు పై అంచు మీద దుమ్ము దులపండి, వెన్ను వైపు నుంచి బయటికి. వదులుగా పట్టుకుంటే దుమ్ము పేజీల మధ్యకు దిగుతుంది. తర్వాత కింది అంచు, ముందు అంచు, చివరగా ప్రతి పాతిక ముప్పై పేజీలకు ఒకసారి తెరిచి లోపలి మడత దగ్గర బ్రష్‌తో ఒక్క గీత.

నున్నటి లామినేషన్ అట్ట అయితే కొంచెం తడిపి గట్టిగా పిండిన గుడ్డతో తుడిచి వెంటనే పొడిగుడ్డతో తుడవొచ్చు. గుడ్డ అట్టకి నీళ్లు తగలనివ్వొద్దు, రంగు దిగి మచ్చ పడుతుంది.

ధర స్టిక్కర్‌ని గోటితో గీకొద్దు. హెయిర్ డ్రయ్యర్ తక్కువ వేడిలో పాతిక సెకన్లు చూపిస్తే జిగురు మెత్తబడుతుంది, మూల లేపి అట్టకి సమాంతరంగా, నెమ్మదిగా లాగండి. మిగిలిన జిడ్డుని రబ్బరుతో రుద్దితే ఉండలుగా వచ్చేస్తుంది. కొబ్బరినూనె, నెయిల్ పాలిష్ రిమూవర్ వద్దే వద్దు, మొదటిది కాగితంలోకి ఇంకుతుంది, రెండోది అచ్చునే తినేస్తుంది.

పెన్సిల్ రాతలు చెరపాలనుకుంటే మధ్యలోంచి అంచువైపు ఒకే దిక్కున రుద్దండి, రెండో చేత్తో పేజీని అదిమి పట్టుకుని. అటూ ఇటూ రుద్దితే కాగితం ముడతపడి చిరుగుతుంది. పెన్నుతో రాసిన పేరుని దిద్దడానికి వైట్‌నర్ వాడకండి. ఆ పేరు, ఆ తేదీ అలా ఉండనివ్వండి, ఆ పుస్తకం మీకంటే ముందు ఒకరి ఇంట్లో ఉందని చెప్పేది అదొక్కటే.

8. చిన్న చిన్న రిపేర్లు ఇంట్లోనే

సెల్లోటేప్ గురించి ముందే చెప్పేస్తాను: వద్దు. కొన్నేళ్లకు పసుపెక్కుతుంది, జిగురు కారి పక్క పేజీకి అంటుకుంటుంది, ఆ తర్వాత టేపు ఊడిపోతుంది, మచ్చ మాత్రం మిగులుతుంది. స్టేప్లర్ పిన్నులు తుప్పు పడతాయి. ఇప్పటికే టేపు వేసి ఉంటే, కొత్తదైతే డ్రయ్యర్‌తో వేడిచేసి నెమ్మదిగా తీయండి, పాతదైతే తనంతట లేచిన భాగం మాత్రమే తీసి మిగతాది వదిలేయండి. బలవంతం చేస్తే అక్షరాలతో సహా లేస్తుంది.

పేజీ చిరిగితే మైదా జిగురు. ఒక చెంచా మైదా, అయిదు చెంచాల నీళ్లు, ఉండకట్టకుండా కలిపి సన్నమంట మీద అద్దంలా అయ్యేదాకా తిప్పండి. చల్లారాక గుడ్డలో వడకట్టండి. ఫ్రిజ్‌లో రెండు రోజులకు మించి ఉంచొద్దు. చాలా పలుచగా వాడాలి, ఎందుకంటే పురుగులకు మైదా అంటే ఇష్టం.

చిరుగుని బాగా చూడండి. కాగితం సాధారణంగా నిట్టనిలువుగా చిరగదు, రెండు అంచులూ ఒకదాని మీద ఒకటి కొద్దిగా ఎక్కుతాయి. ఏ అంచు కింద, ఏది పైన అని సరిచూసుకుని, ఆ ఎక్కే సన్నటి భాగానికే చిన్న కుంచెతో జిగురు రాసి కలపండి. పైనా కిందా బటర్ పేపర్ పెట్టి, పుస్తకం మూసి, నాలుగు లావుపాటి పుస్తకాలు రాత్రంతా దాని మీద బరువుగా పెట్టి ఉంచండి. అంచులు ఎక్కకపోతే సన్నటి జపనీస్ టిష్యూ, అంటే రిపేర్లకు వాడే పలుచటి గట్టి కాగితం, పట్టీగా వేయాలి, కత్తెరతో కాకుండా చేత్తో చింపిన పట్టీ, అప్పుడే అంచు కాగితంలో కలిసిపోతుంది. దానికి అడుగున అక్షరాలు కూడా చదవొచ్చు.

ఒక్క పేజీ పూర్తిగా ఊడితే: లోపలి అంచున రెండు మిల్లీమీటర్ల వెడల్పున తెల్ల జిగురు, అంతకంటే ఎక్కువ వద్దు. రెండు మిల్లీమీటర్లు దాటకుండా ఉండాలంటే పేజీ మీద ఇంకో కాగితం పరిచి, అంచు మాత్రం బయటికి వదిలి రాయండి. పేజీని మడతలోకి తోసి, మిగతా పేజీల అంచుతో సమంగా ఉందో లేదో చూసి, బటర్ పేపర్, బరువు, ఒక రాత్రి.

గట్టి అట్ట పుస్తకంలో అట్టకీ పేజీలకీ మధ్య కీలు వదులైతే ఊలు అల్లే సన్నటి సూదికి తెల్ల జిగురు పూసి, పుస్తకం నిలబెట్టి, ఆ సందులోకి దించి మెల్లగా తిప్పుతూ తీయండి. రెండోవైపూ అలాగే. పుస్తకం మూసి, కీలు గాడిలో సూదిని ఆనించి, పైన బరువు. మర్నాటికి కొత్తదానిలా నిలబడుతుంది. ఈ ఒక్క పని నేర్చుకుంటే సగం పాత పుస్తకాలు బతుకుతాయి.

దారిలో వానకు తడిసిందా? మొదటి రెండు రోజుల్లోనే చూసుకోవాలి, తర్వాత బూజు మొదలవుతుంది. ప్రతి పదిహేను ఇరవై పేజీలకు ఒక టిష్యూ పేపర్ పెట్టి, ఫ్యాన్ కింద నిలబెట్టి, టిష్యూలు తడిసినప్పుడల్లా మార్చండి. అన్ని పేజీల మధ్యా పెడితే వెన్ను ఉబ్బి విరుగుతుంది.

9. బైండర్‌కి ఇస్తే ఈ మూడు మాటలు ముందే చెప్పాలి

పేజీలు కుప్పగా ఊడిపోతే బైండింగ్ షాపుకే ఇవ్వాలి. కానీ చెప్పకుండా ఇస్తే వాళ్ల మామూలు పద్ధతిలో చేసేస్తారు: దబ్బనంతో పక్కనుంచి రంధ్రాలు పొడిచి పక్క కుట్టు వేసి, మూడువైపులా కట్టింగ్ మిషన్ మీద కోసేస్తారు. ఆఫీసు రిజిస్టర్లకు అది బాగుంటుంది. నవలకు వేస్తే లోపలి మార్జిన్ పోయి, ప్రతి లైను చివరి మాట మడతలోకి వెళ్లిపోతుంది, పుస్తకాన్ని రెండు చేతులతో లాగిపట్టుకుని చదవాలి. నా దగ్గర అలా అయిపోయిన జేన్ ఐర్ ఒకటుంది.

- "పక్క కుట్టు వద్దు. ఫారాలు విడిగా ఉంటే మధ్య కుట్టు వేయండి, విడి పేజీలైతే జిగురు, వెన్నుకి గుడ్డ."
- "అంచులు కట్ చేయొద్దు."
- "పాత అట్ట పారేయొద్దు, లోపల అతికించండి."

కాగితం మీద రాసి పుస్తకంలో పెట్టి ఇవ్వండి. నోటిమాట షాపులో కుర్రాడి దాకా చేరదు. ఇచ్చే ముందు పేజీలన్నీ వరుసలో ఉన్నాయో మీరే సరిచూడండి.

10. చదవడం మొదలుపెట్టేటప్పుడు

పాత క్లాసిక్ ముద్రణల్లో ముందు పెద్ద పీఠిక ఉంటుంది. దాన్ని మొదట చదవొద్దు, కథ మొత్తం చెప్పేస్తుంది. నవల అయ్యాక చదివితే చాలా బాగుంటుంది.

గ్రేట్ ఎక్స్‌పెక్టేషన్స్ 1860 డిసెంబరు నుంచి 1861 ఆగస్టు దాకా వారం వారం 36 భాగాలుగా వచ్చింది. ఒక్కో భాగంలో ఒకటో రెండో అధ్యాయాలు, అందుకే అధ్యాయం చివర్లో ఏదో ఒక ఉత్కంఠ. రోజుకు రెండు అధ్యాయాలు పెట్టుకుంటే నెలలో అయిపోతుంది. మొదటి యాభై పేజీలు వాక్యాలు పొడుగ్గా అనిపిస్తాయి, పెదవులతో చదవండి, తేలికవుతుంది.

డబ్బు లెక్క ఒకటి తెలిసుండాలి, లేకపోతే సగం సన్నివేశాల బరువు తెలీదు. పౌనుకు 20 షిల్లింగులు, షిల్లింగుకు 12 పెన్నీలు, గినీ అంటే 21 షిల్లింగులు. దీన్ని పెన్సిల్‌తో వెనక ఖాళీ పేజీలో రాసుకోండి.

11. దాచుకునేటప్పుడు

బయటి గోడకు ఆనించిన అరలో పెట్టొద్దు, వానాకాలంలో గోడ చెమ్మ నేరుగా పుస్తకాల్లోకి వస్తుంది. వెనక రెండంగుళాల ఖాళీ వదలండి. విశాఖ, కాకినాడ లాంటి తీర ప్రాంతాల్లో ఉన్నవాళ్లు అరకో రెండు సిలికా జెల్ సంచులు పెట్టి, నెలకోసారి మార్చండి. మరీ ఇరికిస్తే తీసేటప్పుడు వెన్ను పైభాగం ఊడుతుంది. వేపాకు పెట్టే అలవాటుంటే బాగా ఎండబెట్టి, గుడ్డలో కట్టి అర మూలన పెట్టండి, పేజీల మధ్య పెడితే మచ్చలు.

అట్ట వేయాలనుకుంటే అంటుకునే ప్లాస్టిక్ షీటు వద్దు. మామూలు పారదర్శక షీటుని మడిచి, అంచుల్ని లోపలికి దోపండి, పుస్తకానికి ఎక్కడా జిగురు తగలకుండా.

ఆఖరిగా, ఒక చిన్న చీటీ మీద కొన్న తేదీ, చోటు, ఏ పేజీకి ఏం రిపేరు చేశారో రాసి వెనక అట్ట లోపల ఉంచండి. జూలై, ఆగస్టు నెలల్లో ఒక ఆదివారం పుస్తకాలన్నీ దించి, ఆ తెల్ల కాగితం మళ్లీ పరిచి, ఒక్కో పుస్తకం వెన్ను మీద తట్టి చూడండి.